ఆంగ్లాంధ్ర నిఘంటువులు: అర్థము, ఉచ్చారణము, అక్షరవిభాగము

నిఘంటువు చేతబట్టిన పాఠకుడు ప్రధానముగ మూడు ప్రశ్నలు వేయును. ఈ మాటకు అర్థమేమి? దీనిని ఎట్లు పలుకవలెను? ఇది ఎన్ని తునుకలుగ విడివడును? మాతృభాషా నిఘంటువు మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పి ఊరకున్నను చెల్లును. పలుకుబడి పాఠకుని నోటనే ఉన్నది. అన్యభాషను నేర్పు నిఘంటువునకు అట్లు చెల్లదు. అందు మూడు ప్రశ్నలును సమానములే. పైగా మూడింటికిని ముడి యున్నది: ఉచ్చారణము తప్పినచో విభాగము తప్పును, విభాగము తెలియనిచో ఊనిక తెలియదు, ఊనిక తెలియనిచో ఒక్కొక్కప్పుడు అర్థమే మారిపోవును.

రెండు వందల సంవత్సరములుగ తెలుగువారు ఇంగ్లీషు నిఘంటువులను వాడుచున్నారు. 1835లో జాన్ కార్నాక్ మారిస్ ఆంగ్లాంధ్ర నిఘంటువు ప్రథమ సంపుటము మద్రాసున వెలువడినది. 1852లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ నిఘంటువులు వచ్చినవి. పిమ్మట పి. శంకరనారాయణ గారి ఆంగ్లాంధ్ర నిఘంటువు అనేక తరముల విద్యార్థుల చేతులలో నలిగినది. ఇన్ని నిఘంటువులు వెలసినను, ఇంగ్లీషు మాటను తెలుగువానికి చెప్పు పద్ధతి ఎట్టిదై యుండవలెనన్న మౌలిక ప్రశ్నను మనము తగినంతగ విచారింపలేదని మా అభిప్రాయము. ఆ విచారణకు ఇది ఒక ప్రయత్నము. ఉదాహరణములను పుస్తకములనుండియే కాక, చీరాల ప్రాంతమున మగ్గముల కడను, పొగాకు చేలయందును, బడులలోను వినవచ్చు మాటలనుండియు గ్రహించితిమి. పరభాషాపదము బ్రతికి బట్టకట్టునది అచ్చటనే కదా.

1. అర్థనిర్దేశము

మన ప్రాచీన నిఘంటు సంప్రదాయము పర్యాయపదములమీద నిలిచినది. అమరకోశము అట్టిది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము అట్టిదే. ఒక వస్తువునకు గల పేర్లన్నియు పద్యమున గుదిగ్రుచ్చి చెప్పుట ఆ పద్ధతి. కవికి అది పరమోపకారి. యతిప్రాసలకు కావలసిన మాట వెదకికొనువానికి పర్యాయములే కావలయును గాని వివరణము అక్కరలేదు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో అకారాది క్రమమున వెలువడి ఆధునిక మార్గమును సుస్థిరము చేసినది. అయినను, మాటకు మారుమాట చెప్పినచో అర్థము చెప్పినట్లే యను భావము మన నిఘంటుకారులను పూర్తిగ విడిచిపోలేదు.

ఈ పద్ధతి వలన ఆంగ్లాంధ్ర నిఘంటువులందు రెండు దోషములు ఏర్పడినవి. మొదటిది, తెలియని మాటకు మరింత తెలియని మాటను అర్థముగ చెప్పుట. ఇది మన దోషము మాత్రమే కాదు. 1755లో నిఘంటువును ప్రకటించిన సామ్యూల్ జాన్సన్ వల యల్లికను చెప్పు ఒక చిన్న మాటకు వ్రాసిన నిర్వచనము ఆ మాటకంటె ఎన్నో రెట్లు కఠినమై అపహాస్యమునకు గురియైనది. దీనికి విరుగుడు కనిపెట్టినవారిలో మైకేల్ వెస్ట్ ముఖ్యుడు. ఆయన వంగదేశమున ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ నెరపిన అనుభవముతో 1935లో ఎండికాట్ అను నాతనితో కూడి ఒక నిఘంటువు కూర్చెను. అందలి నిర్వచనములన్నియు 1,490 మాటలలోనే ఇమిడినవి. 1978లో వెలువడిన లాంగ్‌మన్ సమకాలీన ఆంగ్ల నిఘంటువు సుమారు 2,000 మాటలతో ఈ నియమమును పాటించినది. ఈ మార్గము భారతదేశపు పిల్లవాని అక్కరను చూచి పుట్టినదను సంగతి మనము జ్ఞాపకముంచుకొనదగినది. తెలుగున అర్థము చెప్పునపుడు ఇట్టి పరిమిత పదజాలమును నిర్ణయించుకొనుట నేటికిని చేయదగిన పని. మగ్గమని చెప్పిన తెలియుచోట వేమమని చెప్పుట పాండిత్యమగును గాని ఉపకారము కాదు.

రెండవ దోషము ఇంతకంటె గట్టిది. పర్యాయము ఒక్కటి ఇచ్చి, మాట ఏ వృత్తిలో ఏ అర్థమున నిలిచినదో చెప్పకపోవుట. చీరాల నేతగాని నోట 'కౌంటు' అను మాట అనుక్షణము వినబడును. సామాన్య నిఘంటువును తెరచినచో దానికి లెక్క, గణన మను అర్థములు కనబడును. నేతగాడు 'నలువది కౌంటు' అన్నపుడు ఏమి చెప్పుచున్నాడు? నూలు సన్నదనమును చెప్పుచున్నాడు. 840 గజముల పొడవుగల చిలపలు ఎన్ని తూగినచో ఒక పౌను బరువగునో ఆ సంఖ్యయే కౌంటు. నలువది కౌంటు నూలు పౌనుకు 33,600 గజములు వచ్చును, ఎనుబది కౌంటు నూలు 67,200 గజములు వచ్చును. కనుక సంఖ్య పెరిగిన కొలది దారము సన్నమగును. లెక్క యను పర్యాయము ఈ వస్తుజ్ఞానములో దేనిని ఇయ్యగలదు? ఆ మాట వాడు నేతగానికి తెలిసిన అర్థము నిఘంటువునకు తెలియదన్నమాట.

తెలుగున ఈ కొరతను గుర్తించి పూరించిన కృషి భద్రిరాజు కృష్ణమూర్తిగారిది. ఆయన సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తిపదకోశమును వెలువరించినది. వ్యవసాయ పదములు 1962లోను, చేనేత పదములు 1971లోను ప్రకటితములైనవి. వృత్తి చేయువాని కడకు పోయి, అతడు పలికినది పలికినట్లు గ్రహించి, ఏ ప్రాంతపు మాటయో చెప్పి, వస్తువును వివరించుట అందలి మార్గము. ఆంగ్లాంధ్ర నిఘంటుకారులు ఈ మార్గమున కొంతదూరమైనను నడచి యుండినచో బాగుండెడిది.

అర్థము చరిత్రవలన కూడ నిర్ణీతమగుననుటకు చీరాలలోనే మరియొక నిదర్శనము కలదు. మునిసిపాలిటీ యనగా పురపాలక సంఘము. అది నిఘంటువు చెప్పు మాట. చీరాల పేరాల గ్రామములను కలిపి మునిసిపాలిటీ చేసినపుడు ఆ మాటకు ప్రజలు చెప్పుకొన్న అర్థము మోయలేని పన్ను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వమున 1921లో వేలాది జనులు ఇండ్లు వాకిళ్లు విడిచి ఊరి వెలుపల రామనగరమున నెలల తరబడి కాపురముండిరి. నిఘంటువు ప్రతి ఊరి చరిత్రయు చెప్పజాలదు. కాని ఒక మాట మన భాషలోనికి ఏ కాలమున, ఏ సందర్భమున, ఏ స్ఫురణముతో వచ్చినదో చెప్పు పంక్తి ఒక్కటి ఉండుట అర్థనిర్దేశమున భాగమే.

2. ఉచ్చారణ నిర్దేశము

ఇంగ్లీషువారే తమ మాటల ఉచ్చారణమును నిఘంటువునకెక్కించుటకు చాలకాలము తడబడిరి. జాన్సన్ ఊనిక ఎచ్చటనో గుర్తించి ఊరకుండెను. జాన్ వాకర్ 1791లో ప్రకటించిన ఉచ్చారణ నిఘంటువు అచ్చులమీద అంకెలు వేసి వాని విలువలను చెప్పినది. అంతర్జాతీయ ధ్వనిలిపికి మూలమైన సంఘము 1886లో ఏర్పడినది. ఆ లిపిని ఆధారముగ గొని డేనియల్ జోన్స్ 1917లో ఆంగ్లోచ్చారణ నిఘంటువును వెలువరించెను. అమెరికా నిఘంటువులు మాత్రము తమ అక్షరములమీదనే గీతలు, చుక్కలు పెట్టి పలుకును చూపు పద్ధతిని విడువలేదు.

బ్రౌన్ దొర ఆంగ్లాంధ్ర నిఘంటువు పుట్టునాటికి ధ్వనిలిపి లేదు. అయినను, ఆంగ్ల పలుకుబడులను తెలుగున వివరించుటతోపాటు ఆంగ్లపదముల ఉచ్చారణమును కూడ తెలుపుట ఆ గ్రంథనామమునందే ఉద్ఘోషింపబడినది. ఇది సామాన్య విషయము కాదు. దొరలు తెలుగు నేర్చుటకు కూర్చిన నిఘంటువు వేరు, తెలుగువాడు ఇంగ్లీషు నేర్చుటకు కూర్చిన నిఘంటువు వేరు. రెండవదానికి ఉచ్చారణము ప్రాణము. పాఠకుడెవరో ఎరిగి పని చేయుట బ్రౌన్ యొక్క గొప్పతనము. ఆయన ఆరంభించిన పని ఎంతవరకు సాగినదన్నదే మన ప్రశ్న.

తెలుగు లిపిలో ఇంగ్లీషు ఉచ్చారణమును వ్రాయుట మన నిఘంటువులు కొన్నింట కనబడును. ఈ పద్ధతికి బలమున్నది, బలహీనతయు నున్నది. హ్రస్వదీర్ఘములను తెలుగు స్పష్టముగ చూపును. రోమను లిపి ఆ పని చేయజాలదు. చీరాల అను పేరును రోమను అక్షరములలో చదువు పరదేశీయునకు అందు రెండు దీర్ఘములున్నవని తెలియుట కష్టము. కాని ఇంగ్లీషున గల కొన్ని ధ్వనులకు మన లిపిలో అక్షరము లేదు. బ్యాంకు అను మాటలోని తొలి అచ్చును చూడుడు. దానిని బాంకు అని కొందరు, బ్యాంకు అని కొందరు వ్రాయుదురు. ఆ ధ్వని మన నోట లేనిది కాదు. కోస్తా జిల్లాలలో మేక అనునపుడు, చెప్పాడు అనునపుడు వినవచ్చు దీర్ఘస్వరము దానికి దగ్గరి చుట్టమే. ఆధునిక భాషాశాస్త్రజ్ఞులు దానిని ప్రత్యేక వర్ణముగనే పరిగణించిరి. నోట నున్నది, లిపిలో లేదు. ఇట్లే కాలేజీ, డాక్టరు అను మాటలలోని తొలి అచ్చు ఇంగ్లీషున ఆకారము కాదు, ఓకారమును కాదు. మనము ఆకారముతో తృప్తిపడితిమి.

'తెలుగు వ్రాసినట్లు పలుకుదుము, పలికినట్లు వ్రాయుదుము' అను మాట విద్యార్థులకు మనము తరచుగ చెప్పునది. అది సగము సత్యము. చకార జకారములకు తాలవ్యమనియు దంత్యమనియు రెండు పలుకులు కలవు. చీర లోని చకారము తాలవ్యము, చాల లోని చకారము దంత్యము. చిన్నయసూరి బాలవ్యాకరణమున ఈ భేదమును నియమించెను. దంత్యమును చూపుటకు ౘ, ౙ అను గుర్తులు ఏర్పడినను అవి నిత్యవ్యవహారమున నిలువలేదు. మన లిపియే మన పలుకును పూర్తిగ చూపనపుడు, అదే లిపిని ఇంగ్లీషు పలుకునకు కొలబద్దగ పెట్టునెడ జాగ్రత్త వలయును.

అన్నింటికంటె పెద్ద లోపము ఊనిక. ఇంగ్లీషు మాటలో ఒక భాగము ఊనికతో నిలుచును, తక్కిన భాగములలోని అచ్చులు నలిగిపోవును. ఫొటోగ్రాఫ్ అనునపుడు ఊనిక మొదటి భాగముమీద, ఫొటాగ్రఫీ అనునపుడు రెండవ భాగముమీద, ఫొటోగ్రాఫిక్ అనునపుడు మూడవ భాగముమీద నిలుచును. ఊనిక కదలినపుడెల్ల అచ్చుల రూపు మారును. తెలుగున పదమును నిర్ణయించు ఊనిక లేదు. ప్రతి అచ్చును తన విలువను నిలుపుకొనును. కావున తెలుగు అక్షరములలో ఇంగ్లీషు ఉచ్చారణమును వ్రాసి, ఊనికను గుర్తింపనిచో, ఆ వ్రాత ఎంత శుద్ధమైనను పాఠకుని తప్పుదారి పట్టించును.

ఇచ్చట ఒక మౌలిక భేదమును చెప్పవలసి యున్నది. ఇంగ్లీషు మాటకు మన నిఘంటువున రెండు ఉచ్చారణములు కలవు. ఒకటి ఇంగ్లీషు మాటలాడువాని పలుకు. రెండవది తెలుగున కలిసిపోయిన మాటకు తెలుగువాని పలుకు. మొదటిది ఇంగ్లీషు పాఠమునకు చెందినది, రెండవది తెలుగు భాషకు చెందినది. బస్సు, రబ్బరు, కారు, స్టేషను తెలుగు మాటలు. వీనికి తెలుగు నియమములే ప్రమాణము.

ఆ నియమములు లేవనువారు పరికింపనివారు. తెలుగు మాట అచ్చుతో ముగియుటకు ఇష్టపడును. కావున పొల్లుతో ముగియు పరభాషాపదమునకు ఉకారము చేరును. హ్రస్వము పైనున్న ఏకాక్షరపదమున హల్లు ద్విత్వమగును: బస్సు, కప్పు, షెడ్డు, మిల్లు. దీర్ఘము పైనున్నచో ద్విత్వము రాదు: కారు, గేటు, నోటు, కోటు, బేలు. అనేకాక్షరపదముల చివర రకార లకార నకారములు ద్విత్వము పొందవు: డాక్టరు, సైకిలు, స్టేషను. టకారము పొందును: టిక్కెట్టు. రోడ్డు అను మాట దీర్ఘము మీద ద్విత్వమును పొంది నియమమును దాటినది. అట్టి అపవాదములను గుర్తించి చెప్పుట నిఘంటువు పని.

మరియొక ధోరణిని పరిశోధక విద్యార్థుల ముందుంచుచున్నాము. ఇంగ్లీషున ఊనిక గల భాగము తెలుగున గురువుగ నిలుచుట తరచు కానవచ్చుచున్నది. మునిసిపాలిటీ అను మాటలో ఇంగ్లీషు ప్రధానమైన ఊనిక నాల్గవ భాగముమీద. తెలుగున అచ్చట 'పా' దీర్ఘమై గురువైనది. వర్జీనియా పొగాకు పేరులో ఇంగ్లీషువాడు రెండవ భాగమున హ్రస్వమునే పలుకును, కాని ఊనిక అచ్చటనే. మన రైతు దానిని దీర్ఘము చేసెను. కలెక్టరు, సిమెంటు, నంబరు అను మాటలలో ఊనికపట్టు సంయుక్తముచేతనో బిందువుచేతనో గురువైనది. కమిటీ, హోటలు, సినిమా అను మాటలు ఈ ధోరణికి లొంగవు. కావున ఇది నియమము కాదు, ధోరణి మాత్రమే. కాని ఊనిక లేని భాష ఊనికను విని దానిని తనకు తెలిసిన మాత్రల రూపమున భద్రపరచుకొనుట ఎంత సహజము! ఎచ్చట భద్రపరచినది, ఎచ్చట విడిచినది, లెక్కించి తేల్చవలసిన విషయము.

3. అక్షరవిభాగము

అక్షరమను మాటను మనము రెండర్థములలో వాడుచున్నాము. వ్రాతలో విడిగ నిలుచు గుర్తు ఒకటి, ఒక్క అచ్చును ఆశ్రయించి ఒక్క ఊపున పలుకబడు భాగము మరియొకటి. సౌలభ్యము కొరకు మొదటిదానిని లిప్యక్షరమనియు, రెండవదానిని శ్రుత్యక్షరమనియు పిలుతము. 'పద్యము' అను మాటలో లిప్యక్షరములు ప, ద్య, ము. శ్రుత్యక్షరములు పద్, య, ము. సంయుక్తమునకు ముందున్న అక్షరము గురువగుననుటకు కారణమిదే. దకారము వ్రాతలో రెండవ అక్షరముతో కూడియున్నను, పలుకులో మొదటి అక్షరమునకు చేరి దానిని బరువు చేయుచున్నది. తైత్తిరీయ ప్రాతిశాఖ్యము సంయోగమున మొదటి హల్లు పూర్వస్వరమునకు అంగమని విధించినది. మన ఛందస్సు ఆ మార్గముననే నడచినది.

విశేషమేమనగా, మన పద్యము ఈ రెండు విభాగములను ఏకకాలమున వాడుకొనుచున్నది. గురులఘు నిర్ణయమున శ్రుత్యక్షరము ప్రమాణము. ప్రాసకు వచ్చుసరికి లిప్యక్షరములోని హల్లు లేక హల్లుల కూడిక ప్రమాణము. మొదటి పాదమున రెండవ అక్షరము ద్య యైనచో తక్కిన పాదములందును ద్య కారమే రావలెను. ఒకే పద్యమున రెండు కొలతలు నడచుచుండగ పద్యము నేర్చినవాడెవ్వడును తికమక పడలేదు, ఏ కొలత దేనికో అతనికి తెలియును గనుక.

ఇంగ్లీషు నిఘంటువులలో ఇట్టి రెండు కొలతలే కలవు. కాని ఏది దేనికో చాలమంది పాఠకులకు తెలియదు. ప్రధానపదము నడుమ చుక్కలు పెట్టి చూపు విభాగము ముద్రాపకుని కొరకు ఏర్పడినది. పంక్తి చివర మాటను విరువవలసి వచ్చినచో ఎచ్చట విరువవచ్చునో ఆ చుక్కలు చెప్పును. ఉచ్చారణము చూపుచోట ఉన్న గీతలు లేక చుక్కలు శ్రుత్యక్షరములను చెప్పును. రెండును ఒక్కటి కావు. ఎబౌట్ అను మాట పలుకులో రెండు శ్రుత్యక్షరములు గలది. కాని మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు ప్రధానపదమున దానిని విడదీయదు. తొలి అక్షరము ఒక్కటే పంక్తి చివర మిగులుట ముద్రణమర్యాద కాదు గనుక. చుక్కలు లెక్కించి అక్షరసంఖ్య చెప్పు విద్యార్థి ఇచ్చట పొరబడుట తప్పదు.

ముద్రాపకుని విభాగమునందును ఏకాభిప్రాయము లేదు. నోవా వెబ్‌స్టర్ 1783 నాటి తన వర్ణక్రమ పుస్తకమున ప్రాత పద్ధతిని కాదని, పలుకునుబట్టి విడదీయవలెనని వాదించెను. హ్యా-బిట్ కాదు, హ్యాబ్-ఇట్ అనవలెననుట ఆయన మతము. అమెరికా ఆ మార్గమును పట్టినది. ఇంగ్లండున వ్యుత్పత్తిని మన్నించు సంప్రదాయము బలముగ నుండెను. ఫొటో అను భాగమును గ్రఫీ అను భాగమును చెడకుండ విరుచుట వారి పద్ధతి. ఫొ-టాగ్-ర-ఫీ అని ఊనికనుబట్టి విరుచుట అమెరికా పద్ధతి. మొదటివారు పదము పుట్టుకను చూచిరి, రెండవవారు పలుకును చూచిరి.

శ్రుత్యక్షర విభాగమునందును వాదములు సమసిపోలేదు. జె. సి. వెల్స్ 1990లో ప్రకటించిన లాంగ్‌మన్ ఉచ్చారణ నిఘంటువున ఊనిక గల భాగము హల్లులను తనవైపునకు లాగుకొనునను సిద్ధాంతమును అనుసరించెను. పెట్రోలు అను మాటలో ట్, ర్ రెండును మొదటి భాగమునకే చేరునని ఆయన తలంపు. ట్ ను మొదటి భాగమునకు, ర్ ను రెండవ భాగమునకు పంచు పద్ధతియు కలదు. జోన్స్ నిఘంటువునకు 1997లో వచ్చిన పదునైదవ కూర్పు శ్రుత్యక్షరముల నడుమ చుక్క పెట్టుట మొదలిడినది. మన పెట్రోలు మాత్రము నిస్సందేహముగ పెట్, రో, లు. చీరాల వలెనే అదియు తగణము. ఇంగ్లీషు పండితులు తగవులాడుచున్నచోట మన ఛందస్సు తడుముకొనక సమాధానము చెప్పుచున్నది. అయినను ఆ సమాధానము తెలుగు పెట్రోలునకే గాని ఇంగ్లీషు పెట్రోలునకు కాదు.

ఈ రెండు కొలతల కలగాపులగము వలన కలుగు చేటునకు ప్రత్యక్షనిదర్శనము ద్విత్వము. రబ్బరు అను మాటను ఇంగ్లీషున రెండు బకారములతో వ్రాయుదురు. పంక్తి చివర ఆ రెండింటి నడుమ విరుతురు. కాని పలుకున బకారము ఒక్కటే. ఇంగ్లీషున ఒకే పదమునందు ఇట్టి వ్రాతద్విత్వము ద్విత్వముగ పలుకబడదు. ముద్రాపకుని చుక్కను ఉచ్చారణ విభాగముగ భ్రమించిన తెలుగు విద్యార్థి రబ్-బర్ అని రెండు బకారములను నొక్కి పలుకును. తెలుగున అది సాధువు. ఇంగ్లీషు పాఠమున కాదు. ఏది ఎచ్చట సాధువో చెప్పవలసిన నిఘంటువు మౌనము వహించినచో ఆ నింద విద్యార్థిమీద పడుచున్నది.

దీనికి ప్రతిబింబము వంటి ఉదాహరణము మన మాటలే ఇంగ్లీషునకు పోయినచోట కనబడును. పిట్ట అను తెలుగు మాట పక్షిశాస్త్రమున ఒక జాతిపేరుగ నిలిచినది. 1816లో వ్యేయో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానిని గ్రహించెను. ఇంగ్లీషు నిఘంటువున దానికి టకారములు రెండు వ్రాయబడియున్నవి, పలుకున ఒక్కటే. పిట్టలోని ద్విత్వము వ్రాతలో మిగిలి నోట పోయినది. పందికొక్కు ఇంగ్లీషున బ్యాండికూట్ అయినది. కొక్కు చివరి ఉకారము పోయినది, ద్విత్వము పోయినది, హ్రస్వము దీర్ఘమైనది, నాలుగు శ్రుత్యక్షరములు మూడైనవి. మనము బస్ ను గ్రహించి ద్విత్వమును ఉకారమును చేర్చి బస్సు చేసితిమి. వారు కొక్కును గ్రహించి ఉకారమును ద్విత్వమును తీసివేసిరి. రెండు భాషలును చేసినది ఒక్క పనియే. ఎవరి నోటికి తగినట్లు వారు మాటను దిద్దుకొనిరి. వారు చేసినది నాగరిక వ్యవహారమనియు మనము చేసినది అపభ్రంశమనియు చెప్పుటకు శాస్త్రమున ఆధారము లేదు.

పొగాకు వ్యవసాయము ఇందుకు మరియొక చక్కని ఉదాహరణము నిచ్చుచున్నది. చీరాల పొగాకు వ్యాపారమున పేరుపడిన ఊరు. ఐ. ఎల్. టి. డి. కంపెనీ ఇచ్చట కర్మాగారమును నెలకొల్పినది. వర్జీనియా పొగాకును కాల్చి పదునుచేయు కొట్టమునకు ఇంగ్లీషున వాడు మాట ఒక్క శ్రుత్యక్షరము గలది. బ్రిటిషు పలుకున అందు రేఫమే వినబడదు. మన రైతు ఆ మాటను బ్యారను చేసెను. బహువచనము బ్యారన్లు. ఒకటి మూడైనది, ఉచ్చారణమున లేని రేఫము వ్రాతనుండి ప్రాణము పోసికొన్నది, పదము భగణమై తెలుగు నడకను పొందినది. ఫిల్ము ఫిలిమైనట్లే, స్కూలు కొందరి నోట ఇస్కూలైనట్లే, హల్లుల ఒరిపిడిని అచ్చుతో సడలించుట ఇచ్చటను జరిగినది. పొగాకు బ్యారను వార్తాపత్రికలందును వ్యవహారమందును నిలిచియున్న మాట. ఆంగ్లాంధ్ర నిఘంటువు ఆ ఇంగ్లీషు మాటకు గాదె, కొట్టము అని మాత్రమే చెప్పినచో, గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతు దినదినము వాడు అర్థమును, రూపమును ఒక్కమారే విడిచినట్లగును.

4. చేయదగినది

దోషములను ఎన్నుట సులభము. మార్గము చెప్పనిచో విమర్శ సగమే. అందుచేత కొన్ని సూచనలు చేయుచున్నాము.

ఆంగ్లాంధ్ర నిఘంటువున ఇంగ్లీషు ఉచ్చారణమును అంతర్జాతీయ ధ్వనిలిపిలోనే చూపవలెను, ఊనికను తప్పక గుర్తింపవలెను. తెలుగు లిపిలోని వ్రాతను దానికి తోడుగ ఇచ్చుటకు అభ్యంతరము లేదు. కాని అది స్థూలరూపమని పీఠికయందు స్పష్టముగ చెప్పవలెను. తెలుగున కలిసిన మాటలకు తెలుగు రూపమును ప్రత్యేకముగ చూపవలెను. ఇంగ్లీషు పలుకు పక్కన రబ్బరు, బ్యారను, కౌంటు అను రూపములు తమంతట తాము నిలువవలెను. గ్విన్ దొర 1991లో ప్రకటించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఆధునిక వ్యవహారమునందలి ఎరువుమాటలను ఆదరించి దారి చూపినది. ఆ ఆదరణము ఆంగ్లాంధ్ర దిశయందును కలుగవలెను.

విభాగమునకు రెండు వేర్వేరు గుర్తులు కావలయును: పంక్తి చివర విరుపునకు ఒకటి, శ్రుత్యక్షరములకు వేరొకటి. వీని భేదమును గురులఘువులతో పోల్చి చెప్పినచో తెలుగు విద్యార్థికి నిమిషములో బోధపడును. ఇంగ్లీషు ధ్వనిశాస్త్రమును మన పిల్లలకు చెప్పుటకు ఛందస్సుకంటె మంచి మెట్టు లేదని మా విశ్వాసము. తెలుగు ఉపాధ్యాయుడును ఇంగ్లీషు ఉపాధ్యాయుడును ఒకరి తరగతికి ఒకరు పరాయివారుగ నుండుటవలన ఈ మెట్టు ఎక్కువారు లేకపోయిరి.

నేడు యంత్రమునందలి నిఘంటువు మాటను పలికి వినిపించుచున్నది. ఇక ఉచ్చారణ నిర్దేశము అక్కరలేదని తలచుట పొరపాటు. వినిన ధ్వనిని తన భాషావర్ణములతో సరిపోల్చుకొనుట వినువాని స్వభావము. రబ్బరులో బకారము ఒక్కటేనని చెప్పనిచో, ఎన్నిసార్లు వినిపించినను అతనికి రెండే వినబడును.

చివరిమాట. ఈ చర్చ అంతయు సాంకేతికమని కొట్టివేయదగినది కాదు. పల్లెనుండి వచ్చి తెలుగు మాధ్యమమున చదివి, కళాశాలలో తొలిసారిగ ఇంగ్లీషున నోరు విప్పు విద్యార్థిని, అతడు పలికిన మాటనుబట్టి తోటివారు నవ్వుచున్నారు. అతడు పలికినది తెలుగు నియమము ప్రకారము శుద్ధమైన రూపమని, ఇంగ్లీషున మరియొక రూపము కలదని, రెండింటికి రెండు తావులు కలవని చెప్పు పుస్తకము అతని చేతిలో నున్నచో అతడు తలవంచుకొనవలసిన పని లేదు. సవరల భాషను వారి నోటనుండి విని, దానికి వ్యాకరణమును, 1938 నాటికి నిఘంటువును సమకూర్చిన గిడుగు రామమూర్తిగారు పలుకువాని నోటిని గౌరవించుటయే నిఘంటు నిర్మాణమునకు తొలిమెట్టని చేసి చూపిరి. ఆ గౌరవమును మన నేతగానికి, మన రైతుకు, మన విద్యార్థికి చూపునట్టి ఆంగ్లాంధ్ర నిఘంటువును నిర్మించుట విశ్వవిద్యాలయముల బాధ్యత. ఒక్కొక్క వృత్తిని, ఒక్కొక్క ప్రాంతమును గైకొని పరిశోధక విద్యార్థులు పని ఆరంభించినచో అది అసాధ్యము కాదు.